చెవి దాటని చెయ్యి

మనిషికి చేతులు రెండున్నా బేరానికి పనికొచ్చేది ఒక్కటే. ఎడమ చేత్తో సరుకిస్తే కొన్నవాడు మొహం చిట్లిస్తాడు. ఎడమ చేత్తో సొమ్ము పుచ్చుకుంటే లక్ష్మీదేవి మొహం చిట్లిస్తుంది. అందుచేత నేను ఎడమ చేతిని గొడుగు పట్టుకోవడానికే వాడుకుని, వ్యాపారమంతా కుడి చేతి మీద నడిపాను. మొత్తం పెట్టుబడి ఒకే సరుకులో పెట్టకూడదని కుర్రవాళ్లకు చెప్పే నేను, నా బతుకంతా ఒకే కీలు మీద పెట్టానన్న సంగతి ఆ కీలు మొండికేసేదాకా గమనించలేదు.

నా పేరు జోగారావు, చోడిపేట బెల్లం మార్కెట్లో టోకు వ్యాపారం నాది. వేలంలో బెల్లం కొని పైఊళ్లకు పంపుతాను. గేటు దాటగానే కుడివైపు మొదటి అరుగు మాదే. మా నాన్న కాలం నుంచీ మాదే. బండి లోపలికి రాగానే రైతు ముందు చూసేది నా మొహం. మంచి మొహమని కాదు, ముందున్న మొహం. వ్యాపారంలో రెండో దానికే విలువ ఎక్కువ.

పక్క అరుగు మళ్ల అప్పలకొండది. మా ఆవిడ నూకరత్నానికి పినతండ్రి కొడుకు, అంటే నాకు బావమరిది. నా అరుగు మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. ఆ కన్నును అతను దాచుకోడు. మా ఇంట్లో భోంచేస్తూ కూడా, "నీ తరవాత ఆ అరుగు నాదే బావా" అని చెప్పి మజ్జిగ పోసుకుంటాడు.

ఇలా సాగుతుండగా మా మార్కెట్ ఛైర్మన్, తానూ వర్తకుడే అయిన సూర్యభాస్కరం గారు, అధ్యయన యాత్ర మీద ఒక చలిదేశం వెళ్లి వచ్చారు. అక్కడ పూలు వేలం వేస్తారట. కొనేవాళ్లు వందలమంది ఉన్నా పూలరేకు రాలిన చప్పుడు కూడా వినబడుతుందట. వచ్చిన వారమే ఆయనకు సన్మానం జరిగింది.

"నోరున్న ప్రతివాడూ అరుస్తాడు. నాగరికుడు చెయ్యెత్తుతాడు. మన మార్కెట్ ఇకనుంచి నిశ్శబ్ద మార్కెట్" అని ఆయన మైకులో ప్రకటించారు. మైకు అవసరం లేకుండానే వీధి చివరకు వినబడింది.

మా కార్యదర్శి త్రివిక్రమరావు గారు నిబంధనలు రాశారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు రాయడమంటే ఇష్టం, అంతే. "వేలము సమయమున వర్తకులు మౌనము పాటించవలెను. లైసెన్సుదారుడు స్వయముగా కుడి హస్తమును చెవి ఎత్తు దాటించినచో పాటగా పరిగణించబడును. ఎడమ హస్తము మంగళకరము కానందున, దానిని ఎత్తినచో అభ్యంతరముగా పరిగణించబడును. ఒక సీజను మొత్తములో చెల్లుబాటగు పాట ఒక్కటియైనను పాడని వర్తకుని లైసెన్సు రద్దు చేసి, అతని అరుగు తదుపరి దరఖాస్తుదారునికి కేటాయించబడును."

తదుపరి దరఖాస్తుదారుడు ఎవరో చెప్పనక్కర్లేదు.

స్తంభానికి ఒక శబ్దమాపకం బిగించారు. ఎవరైనా గొంతెత్తితే ఎర్ర దీపం వెలుగుతుంది. గుమస్తా ధర రాసిన పలక పట్టుకుని కుప్ప కుప్పకూ తిరుగుతాడు. ధర ఇష్టమైనవాళ్లు చెయ్యెత్తుతారు. ధర పెంచుకుంటూ పోతాడు, ఆఖరికి లేచి ఉన్న చేతిదే సరుకు. తరతరాలుగా గొంతు పోయేలా పాట పాడినవాళ్లం, బడిపిల్లల్లా చెయ్యెత్తడం మొదలుపెట్టాం. రైతులు మాకేదో జబ్బు చేసిందనుకున్నారు. తరవాత చేసింది లెండి, అది వేరే కథ కాదు, ఇదే కథ.

ఆ సీజను మొదలుకాకముందే నా కుడి భుజం నొప్పి అందుకుంది. మొదట చొక్కా తొడుక్కుంటుంటే కలుక్కుమనేది. తరవాత ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయాను. కొన్నాళ్లకు వంటింటి పై అరలో ఉన్న డబ్బా దించలేకపోయాను. ఎడమ చేత్తో లాగబోతే చింతపండు డబ్బా నెత్తిన పడింది. మా ఆవిడ ఆ సంగతి గమనించి, ఇంట్లో ఉన్న బెల్లం మిఠాయి అంతా డబ్బాలో పెట్టి ఆ పై అరకు ఎక్కించేసింది. అప్పటికే డాక్టరు నాకు చక్కెర జబ్బు ఉందని తేల్చాడు. చక్కెరను జన్మలో గౌరవించని బెల్లం వర్తకుడికి ఆ పేరుతో జబ్బు రావడం నాకు అవమానంగా తోచింది.

భుజం నొప్పికి మార్కెట్లో సలహాలు ఊరికే దొరుకుతాయి. ఊరికే దొరికే సరుకు నాణ్యత ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఒకాయన భుజం మీద దిష్టి పడిందన్నాడు, దిష్టి భుజం మీదే ఎందుకు పడిందో చెప్పలేకపోయాడు. అప్పలకొండ సలహా మాత్రం ప్రేమగా ఇచ్చాడు.

"అస్సలు కదపకు బావా. జోలె కట్టుకుని సెయ్యి అందులో పడేసుకో. సీజన్ అయ్యేదాకా తియ్యకు. దానంతటదే తగ్గుద్ది."

"సీజనయ్యేదాకా?"

"ఆఖరి సంత అయ్యాక తీసెయ్. నీ మంచికే సెప్తన్నాను."

మా ఆవిడ ఆ సలహా విని, "మా కొండడు సెప్పాడంటే దానికి ఎదురు సెయ్యండి, గుణమిస్తాది" అంది. అందుకని ఆసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. హిమజ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ముందుకీ పక్కకీ ఎత్తి చూసింది. నేను ఎక్కడ మూలిగానో అక్కడ ఆపింది.

"భుజం కీలు చుట్టూ పలచని సంచి ఉంటుందండీ. అది వాచి, మందమై, బిగుసుకుపోయింది. సుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది."

"తడిసి ఎండిన గోనెసంచిలాగా?"

"అచ్చం అలాగే."

"గట్టిగా లాగితే?"

"ఇంకా వాస్తుంది."

"కదపకుండా జోలెలో పెడితే?"

"ఇంకా బిగుస్తుంది. ఎవరు చెప్పారండీ అలా?"

"నా అరుగు కావలసినవాడు."

ఆమెకు అర్థం కాలేదు, కాని నవ్వింది. నన్ను బల్ల మీదికి వంగమని, చెయ్యి వేలాడదీసి గడియారం లోలకంలా ఊపించింది. తరవాత గోడకు ఎదురుగా నిలబెట్టి వేళ్లతో గోడ ఎక్కించింది. చూపుడువేలు ఒక అడుగు, మధ్యవేలు ఒక అడుగు. రొమ్ము దాకా బాగానే వెళ్లాయి. ఆపైన కొండ ఎక్కినట్టుంది.

"నొప్పి తెలిసేదాకా వెళ్లండి, దాన్ని దాటొద్దు. వేడి కాపడం పెట్టుకుని రోజూ చెయ్యండి. సుగర్ అదుపులో పెట్టుకోండి."

"తొందరగా తగ్గే మార్గం లేదా అమ్మా?"

"మరీ బాధగా ఉంటే డాక్టరుగారు సూది వేస్తారు, నొప్పి తగ్గుతుంది. గోడ మాత్రం మీరే ఎక్కాలి. నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది."

చిల్లర వ్యాపారమని అర్థమైంది. రోజూ కొంచెం వస్తుంది. ఒకరోజు దుకాణం మూస్తే నిన్నటిది కూడా పోతుంది. అలాంటి వ్యాపారాలు నేను చేసినవే. కాని నా అరుగుకు సీజను ఆఖరి సంతే గడువు. అప్పటికి నా వేళ్లు గోడ మీద చెవి ఎత్తు దాటాలి. ఆ రోజే వంటింటి గోడ మీద నా చెవికి ఎదురుగా బొగ్గుతో ఒక గీత గీశాను. నా బతుకు దానికి పైన ఉందా కింద ఉందా అన్నదే లెక్క.

ఈలోగా వేలం ఆగదు కదా. మొదటి సంతలో సోమినాయుడనే ముసలి రైతు కుప్ప దగ్గర నిలబడ్డాను. నిగనిగలాడే బంగారు రంగు బెల్లం. చెయ్యెత్తాను. అది రొమ్ము దగ్గర ఆగింది. గుమస్తా నన్ను దాటిపోయాడు. ఆశ చంపుకోలేక ఎడమ చెయ్యెత్తాను. వెంటనే గంట మోగింది. త్రివిక్రమరావు గారు నడిచివచ్చారు.

"అభ్యంతర స్వభావము తెలుపుడు."

"అభ్యంతరం కాదండీ. బెల్లం కావాలి."

"బెల్లము కావాలనుట అభ్యంతరమెట్లగును?"

"ఎడమ చెయ్యి ఎత్తానని మీరే అంటున్నారు కదండీ అభ్యంతరమని."

"కావున అభ్యంతరము ఉన్నట్లే" అని ఆయన కుప్పకు సీలు వేయించారు.

సోమినాయుడు నా వైపు చూశాడు. "నా బెల్లానికేటి తక్కువైంది బాబూ?"

ఏమీ తక్కువ కాలేదని చెప్పబోతే ఎర్ర దీపం వెలిగింది. విచారణ సంఘం వేశారు. సభ్యులు ఆ బెల్లాన్ని పలుమార్లు పరిశీలించి, "సదరు బెల్లము తియ్యగా ఉన్నదని ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది" అని తీర్మానించారు. నిర్ధారణ పూర్తయ్యేసరికి కుప్ప సగమైంది. మిగతా సగం చెమ్మకి కరిగి నీరు కారింది. సోమినాయుడికి నేనే ఏదో సర్దాను. ఆ తరవాత ఎడమ చేతిని జేబులోంచి తియ్యలేదు. పక్క వర్తకుల దగ్గర వాళ్లు చెప్పిన ధరకు కొని పైఊళ్లకు పంపుతూ వచ్చాను. అప్పలకొండ నాకు అమ్మేటప్పుడు ధరతోపాటు ఓదార్పు కూడా కలిపి తూచేవాడు.

మినహాయింపు కోసం అర్జీ పెట్టుకున్నాను. త్రివిక్రమరావు గారు అది రెండుసార్లు చదివారు.

"బాగున్నది. కుడి చెయ్యి పైకెత్తి, ఇందలి విషయములు నిజములని ప్రమాణము చేయుడు."

"ఎత్తలేననే కదండీ అర్జీ."

"ప్రమాణము లేని అర్జీ చెల్లదు."

"పోనీ ఎలాగో ఎత్తాననుకోండి?"

"అప్పుడు అర్జీలోని విషయము అబద్ధమగును. తప్పుడు ప్రమాణము కింద చర్య తీసుకొనబడును."

ఆయన ముఖంలో వెటకారం లేదు. నాకు సాయం చెయ్యాలని నిజంగానే ఉంది. అర్జీ మూడోసారి చదివి, "మీరు ఎత్తినట్లును, ఎత్తనట్లును ఒకేసారి ఉండగలరా?" అని అడిగారు. మా వ్యాపారంలో అది కొందరికి చేతనవును గాని భుజంతో నాకు చేతకాదని చెప్పాను.

ఈ సంగతి ఛైర్మన్ గారి చెవిన పడింది. అప్పుడే ఆయన సమానత్వం మీద ఒక సదస్సుకు వెళ్లి వచ్చారు. సదస్సు వేడి ఇంకా తగ్గలేదు.

"ఒక్క భుజం కూడా వెనకబడడానికి వీల్లేదు" అన్నారు.

మర్నాడు కమిటీ మొత్తం నా అరుగు మీదికి వచ్చింది. హైస్కూలు నుంచి లెక్కల మాస్టారి చెక్క కోణమానిని తెప్పించారు. దాన్ని నా చంకలో పెట్టి చెయ్యెత్తమన్నారు. డెబ్బై డిగ్రీల దగ్గర నేను అమ్మా అన్నాను. త్రివిక్రమరావు గారు ఆ "అమ్మా"ను కూడా రాసుకున్నారు. ఛైర్మన్ గారు నా మెళ్లో దండ వేసి, ఫొటో తీయించుకుని ప్రకటించారు. ఇకమీదట మార్కెట్లో ఎవరికైనా సరే డెబ్బై డిగ్రీలు లేస్తే పాటే. దానికి "సమాన భుజ విధానం" అని పేరు.

నేను ఆ రోజు సంతోషించాను. ఆ సంతలోనే చెల్లుబాటయ్యే పాటలు పాడాను. అరుగు దక్కిందనుకున్నాను. తొందరపడి సంతోషించడం కూడా ఒక రకం అప్పే, వడ్డీతో కట్టాలి.

డెబ్బై డిగ్రీలంటే మనిషి రోజంతా చేసే పనుల్లో సగం ఆ ఎత్తులోనే ఉంటాయి. అప్పలకొండ టీ తెమ్మని చెయ్యి ఊపాడు. వానకు తడిసిన బెల్లం అతని పేర పడింది. ఒకాయన ఈగను తోలాడు. ఇంకోడు చెమట తుడుచుకున్నాడు. ఇద్దరికీ చెరో కుప్ప. మర్యాదస్తుల పరిస్థితి ఇంకా ఘోరం. ఎదురొచ్చిన రైతుకు ఒకాయన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. కుడి చెయ్యి లేచింది గనక ఆ సరుకు ఆయన కొన్నట్టు, ఎడమ చెయ్యి లేచింది గనక దాని మీద ఆయనకే అభ్యంతరం ఉన్నట్టు. అమ్మకమూ జరిగింది, సీలూ పడింది.

ఆఖరికి మార్కెట్ చూడడానికి పైఅధికారి ఒకాయన వచ్చారు. ఛైర్మన్ గారు ఆయన్ని వెంటబెట్టుకుని, "ఇదంతా మన నిశ్శబ్ద మార్కెట్" అని చెయ్యి బారచాపి ఈ చివర నుంచి ఆ చివరకు చూపించారు. చూపించిన వరసంతా ఆయనే కొన్నట్టు నమోదైంది.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టి సమాన భుజ విధానాన్ని రద్దు చేశారు. ఆ విధానం కింద జరిగిన పాటలన్నీ చెల్లవన్నారు. నావి కూడా.

"నావి నిజం పాటలండీ, ఈగను తోలినవి కావు" అన్నాను.

"ఈగను తోలిన హస్తమునకును, బెల్లము కోరిన హస్తమునకును భేదము రికార్డులో లేదు" అన్నారు త్రివిక్రమరావు గారు.

మళ్లీ చెవి ఎత్తు వచ్చింది. దాంతోపాటు ముందుజాగ్రత్త కూడా వచ్చింది. పొరపాటు పాటలు జరక్కుండా, గేటు లోపలికి వచ్చిన ప్రతి వర్తకుడూ కుడి చేతిని రొమ్ముకు ఆనించి పట్టీతో కట్టుకోవాలి. కుప్ప దగ్గర వేలం మొదలైనప్పుడు ఒక సహాయకుడు వచ్చి విప్పుతాడు. దాని పేరు "భుజ రక్షణ పట్టీ".

నేను కూడా వరసలో నిలబడ్డాను. నాకు పట్టీ ఇవ్వలేదు. "వీరి చెయ్యి చెవి దాటు ప్రమాదము లేనందున రక్షణ అవసరము లేదు" అని రాశారు. ఆ మార్కెట్లో భుజం నొప్పి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే, భుజ రక్షణ లేనివాణ్ణీ నేనొక్కణ్ణే. అది నాకు చేసిన మేలు అని అప్పటికి నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

పట్టీలు త్వరలోనే మోజైపోయాయి. సహాయకుడు ముందు వరస విప్పి వెనక వరసకు వచ్చేసరికి వేలం అయిపోయేది. అందుకని చాలామంది విప్పించుకోవడం మానేసి, కొనగలిగినవాడి దగ్గర వాటా పుచ్చుకున్నారు. చేతికి పనిలేకపోవడం పెద్దమనిషి లక్షణమని మా ఊళ్లో మొదటినుంచీ ఉంది. ఇప్పుడది పట్టీ రూపంలో కనబడింది. ఇంటికి వెళ్లినా తియ్యడం మానేశారు. ఛైర్మన్ గారిది జరీ అంచు. అప్పలకొండ పెళ్లిళ్లకు ముదురు ఎరుపు పట్టుది కట్టుకునేవాడు. అది లేకుండా పంక్తిలో కూర్చుంటే పెళ్లివారు చిల్లర వర్తకుడనుకుంటున్నారని వాపోయేవాడు.

నేను మాత్రం పొద్దున్నే కాపడం పెట్టుకుని గోడ ఎక్కేవాణ్ణి. బల్ల దగ్గర వంగి చెయ్యి ఊపేవాణ్ణి. మా ఆవిడ పొయ్యి దగ్గరనుంచే లెక్క చూసేది.

"ఇయ్యాల గీతకి బెత్తెడు కింద ఆగిపోయారు."

"పోయిన నెల జానెడు కింద ఉంది."

"అదే అంటున్నాను. గోడ పాడైపోతంది. కొంచెం తొరగా ఎక్కండి."

కొన్ని రోజులు ముందుకు వెళ్లాను, కొన్ని రోజులు వెనక్కి వచ్చాను. ఒక రోజు ఆత్రం కొద్దీ నొప్పి దాటి లాగాను. ఆ వారమంతా గోడ ముఖం చూడలేదు. హిమజ తిట్టలేదు. "తొందరపడి ఎక్కువ ధరకి కొంటే ఏమవుతుందండీ?" అంది. నా భాష ఆమెకు వచ్చేసింది.

చలికాలం వెళ్లేసరికి మార్కెట్లో నేనొక వింత గమనించాను. వర్తకులు అన్నం ముద్దను నోటి దగ్గరకు తీసుకువెళ్లడం మానేసి, నోటిని ముద్ద దగ్గరకు తీసుకువస్తున్నారు. ఒకాయన చొక్కా బదులు శాలువాతో వస్తున్నాడు. అప్పలకొండ తల దువ్వుకోవడం మానేశాడు.

"ఏం బావమరిదీ, జుట్టలా వదిలేశావు?"

"కొత్త మోజు బావా."

"రాత్రిళ్లు ఏ పక్కకి పడుకుంటున్నావు?"

అతను ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకున్నాడు. అలా పట్టుకోవడం నాకు బాగా తెలిసిన జబ్బు.

"పట్టీ తీసి పారెయ్యి. ఆసుపత్రికి వెళ్లు" అన్నాను.

"ఆఖరి సంత ఎల్లనీ. నీ అరుగు మీద కూకున్నాక ఎల్తాను" అన్నాడు. నొప్పిలో కూడా బేరం వదలని మనిషి. అలాంటివాడు మాకు చుట్టమైనందుకు గర్వపడ్డాను.

ఆఖరి సంత వచ్చింది. ఆ ఉదయం నా వేలు బొగ్గు గీతను తాకింది. తాకింది గాని దాటలేదు. మా ఆవిడ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది. కాపడం గుడ్డ ఇంకోసారి వేడిచేసి భుజం మీద వేసి, చొక్కా గుండీలు పెట్టింది.

మార్కెట్ నిండా బెల్లం. సంత సంతకూ పాటలు తగ్గుతూ రావడంతో పాత కుప్పలు కూడా మిగిలిపోయాయి. రైతులు వాటి పక్కన గొంతుక్కూర్చున్నారు. మొదటి కుప్ప సోమినాయుడిదే. గుమస్తా పలక పట్టుకున్నాడు. దాని మీద ధర మొదలుపెట్టడానికి రాసేది, అంటే సిగ్గుపడాల్సిన ధర. ఆఖరి సంత గనక ఆ రోజు అందరి పట్టీలూ ముందే విప్పించారు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

ధర నచ్చక కాదు. అందరూ ప్రయత్నిస్తున్నారు. పళ్లు బిగించారు, కళ్లు మూశారు. చేతులు రొమ్ముల దగ్గర ఆగిపోయాయి. ఛైర్మన్ గారు ఎడమ చేత్తో కుడి మోచేతిని పైకి తోసుకుని, కెవ్వుమనబోయి శబ్దమాపకం చూసి మింగేశారు. ఒకాయన తెలివిగా తల వంచి చెవినే చేతి దగ్గరకు తెచ్చాడు. గుమస్తా కార్యదర్శి వైపు చూశాడు.

"చెవి స్వస్థానమున ఉండవలెను" అన్నారు త్రివిక్రమరావు గారు.

అప్పుడు నేను చెయ్యెత్తాను. ఎదురుగా గోడ ఉన్నట్టే ఊహించుకుని, వేళ్లతో గాలిని ఎక్కాను. రొమ్ము దాటింది. గడ్డం దాటింది. కాపడం వేడి ఇంకా భుజంలో ఉంది. గీత ఉండాల్సిన చోట నొప్పి మొదలైంది. ఆపమని హిమజ చెప్పిన చోటు అదే. ఒక్క గోరంత ఎత్తు, హిమజకు తెలియకుండా, దాటాను.

గుమస్తా నా చెవినీ చేతినీ మార్చి మార్చి చూసి, పేరు రాసుకున్నాడు. పాట చెల్లింది. అరుగు నిలిచింది.

చెయ్యి అలాగే ఉంచి చుట్టూ చూశాను. మార్కెట్ మొత్తంలో లేచి ఉన్నది నా చెయ్యి ఒక్కటే. పలక మీద సిగ్గుపడాల్సిన ధర. ఈ కుప్ప తరవాత ఇంకో కుప్ప, దాని తరవాత వరసలు. నేను అలసిపోయేదాకా ఊళ్లో బెల్లమంతా నాదే. ఏ వర్తకుడికీ జన్మలో రాని అదృష్టం.

అప్పలకొండ నా పక్కకు జరిగి, ఎర్ర దీపం వెలగనంత సన్నగా అన్నాడు. "బావా. దించు బావా. పిల్లలు గలవాణ్ణి."

సోమినాయుడు తన కుప్ప మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. పోయినసారి అడిగిన ప్రశ్నే మళ్లీ కళ్లతో అడిగాడు.

లెక్క వేశాను. ఈ ధరకు ఈ రోజు బెల్లం ఇచ్చిన రైతు వచ్చే సీజనుకు తన బండిని ఇంకో ఊరి మార్కెట్‌కు తోలుకుపోతాడు. బళ్లు రాని గేటు పక్కన మొదటి అరుగైతేనేమి, ఆఖరి అరుగైతేనేమి. ఒక్కడే కొనే చోటును సంత అనరు. ఆ చోట కూర్చుని ఈగలు తోలుకోవచ్చు, డెబ్బై డిగ్రీల్లో.

అప్పలకొండ వైపు తిరిగి, మార్కెట్ కప్పు అదిరేలా అడిగాను. "ఒరే కొండా, ఇంత మంచి బెల్లానికి ఇదేటిరా ధర? సెయ్యి పడిపోయింది సరే, నోరు కూడా పడిపోయిందేటి?"

ఎర్ర దీపం వెలిగింది.

అప్పలకొండను ఎవరైనా నోరు పడిపోయిందంటే ఊరుకోడు. పెళ్లిళ్లలో అయినా ఊరుకోడు. "ఎవడికిరా పడిపోయింది? పది పైన" అన్నాడు.

"పదేటి, ఇరవై పైన" అన్నాను.

"నలభై" అని వెనక వరసనుంచి శాలువా ఆయన.

అంతే. సీజనంతా గొంతుల్లో నిల్వపడ్డ సరుకు ఒక్కసారి బయటికి వచ్చింది. పాత పాట, పాత రాగం, పాత తిట్లు. నన్ను దొంగ అన్నారు, నేను వాళ్ల తండ్రులను తలచుకున్నాను. సోమినాయుడి కుప్ప మంచి ధరకు శాలువా ఆయనకు పోయింది. నేను ఇంకా పైకి పోగలను గాని, నాకు కావలసింది ఆ కుప్ప కాదు. శబ్దమాపకం దీపం కాసేపు వెలిగీ వెలగకుండా కొట్టుకుని, మాడిపోయింది. రెండో కుప్ప దగ్గర అందరికంటే గట్టిగా అరిచింది ఛైర్మన్ గారు.

త్రివిక్రమరావు గారు రెండు చెవులూ మూసుకుని బల్ల ఎక్కారు. పాట కాసేపు ఆగింది.

"జరుగుచున్నది నిబంధనలకు విరుద్ధము. దీనిపై అభ్యంతరము ఉన్నవారు ఎడమ చెయ్యి ఎత్తవలెను."

ఎడమ చేతులు అందరికీ బాగానే ఉన్నాయి. ఎవరూ ఎత్తలేదు. ఆ సీజను మొత్తంలో మా మార్కెట్లో నిజంగా నిశ్శబ్దంగా జరిగిన పని అదొక్కటే.

కాని రికార్డు సంగతి తేలాలి. నోటి పాట చెల్లదు. చేతి పాట నాదొక్కటే ఉంది. ఆ లెక్కన ఆ రోజు జరిగిన అమ్మకాలన్నీ రద్దు కావాలి. త్రివిక్రమరావు గారు ఆ సాయంత్రం తలుపులు వేసుకుని రాశారు. "శ్రీ జోగారావు గారి కుడి హస్తము ఎత్తబడి ఉన్న సమయమున జరిగిన పాటలన్నియు, సదరు హస్తము అందరి తరఫున ఎత్తబడినట్లు భావించి, చెల్లుబాటైనవిగా పరిగణించడమైనది. నిబంధనలు సవరించువరకు ప్రతి వేలము ఆరంభమున వారు హస్తము ఎత్తవలెను."

సవరణకు ఒక ఉపసంఘం వేశారు. తీర్మానాన్ని కుడి చేతులెత్తి ఆమోదించాలి గనక అది ఇంకా ఆమోదం పొందలేదు. ఈలోగా మార్కెట్ గోడకు సున్నం వేయించి, వరసగా గీతలు గీయించారు. పొద్దున్నే హిమజ వస్తుంది. ఛైర్మన్ గారి దగ్గరనుంచి అప్పలకొండ దాకా అందరూ గోడవైపు తిరిగి నిలబడి వేళ్లతో గోడ ఎక్కుతుంటారు. దారినపోయే రైతులు, వీళ్లు తూకంలో చేసిన పాపాలకు ఎవరో శిక్ష వేశారని అనుకుంటున్నారు. మేం కాదనడం లేదు.

ఆఖరి సంత నాడు మాత్రం నేను నేరుగా ఇంటికి వెళ్లాను. మా ఆవిడ పెరట్లో ఉంది. వంటింట్లో బొగ్గు గీతను చూశాను, దాని పైన ఉన్న పై అరను చూశాను. ఇవాళ ఊరందరి తరఫున లేచిన చెయ్యి నా తరఫున ఒక్కసారి లేవకూడదా అనిపించింది. రెండు చేతులూ ఎత్తి మెల్లగా మిఠాయి డబ్బా దించాను. మూత తీశాను.

నిండా మెంతులు.

నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇందులో బెల్లం మిఠాయి ఉండాలే?"

"ఎక్కించిన మర్నాడే తీసేశాను."

"మరి ఇన్నాళ్లూ పై అరలో ఈ డబ్బా ఎందుకు?"

"మీ సెయ్యి ఎప్పుడో ఒకనాడు లెగుస్తాదని నాకు తెల్దేటి" అంది. డబ్బా నా చేతికే తిరిగి ఇచ్చి, ఉన్న చోట పెట్టమంది.